లేని పేజీని చదివిన పిల్ల

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన వాళ్లంతా ఒకే మాట చెప్పారు: సారు తరగతి ఎప్పుడూ పిల్లల చదువుతో మారుమోగుతుండేదని. నిజమే, మారుమోగేది. ఆ మోత వినబడుతున్నంతసేపూ నేనేం చేస్తుండేవాడినో ఎవరూ అడగలేదు. మెడలో దండ ఉన్న మనిషిని అలాంటివి అడగరు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతూ, నా చేతి కింద చదువుకున్న పిల్లల్లో నిజంగా చదవగలిగిన వాళ్లెందరో అని ఆలోచించడం మొదలుపెట్టి, చివరిదాకా వెళ్లే ధైర్యం లేక టీవీ పెట్టుకున్నాను.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర టీచర్లు కొందరు మడికొండలో మా ఇంటికి వచ్చిపోతున్నారు. వాళ్లు అడిగేది ఒకటే. "సార్, నాలుగో తరగతికి వచ్చిన్రు, చదవొస్తలేదు. ఏం టెక్నిక్ వాడాలె?" టెక్నిక్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా ఉద్యోగంలో సగం ఎండాకాలాలు టెక్నిక్‌ల శిక్షణల్లోనే కరిగిపోయాయి. అట్టముక్కలతో రైలుబండి చేయడం నేర్చుకున్నాను, సీసా మూతల మీద అక్షరాలు రాయడం నేర్చుకున్నాను. ఒక పిల్ల నా కళ్ల ముందు ఏడాదిలో సగభాగం పుస్తకం పట్టుకుని నిలబడినా, ఆమెకు చదవడం రాదని మాత్రం కనిపెట్టలేకపోయాను. కాబట్టి మీకు టెక్నిక్ చెప్పను. ఆ పిల్ల సంగతి చెబుతాను.

అప్పటికి నేను పరకాల వైపు పల్లెల్లో చాలా ఏళ్లు చేసి, బదిలీ మీద వరంగల్ వచ్చాను. బడి నేత కార్మికుల వాడలో ఉంది. చుట్టూ మరమగ్గాల షెడ్లు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. పొద్దున మొదలైతే ఆ టకటక సాయంత్రం దాకా ఆగదు. కొత్తలో తలనొప్పి మాత్రలు వేసుకునేవాడిని. తర్వాత కరెంటు పోయి శబ్దం ఆగినప్పుడు తలనొప్పి రావడం మొదలైంది.

ముగ్గురం ఉండేవాళ్లం. హెడ్ మేడం ఆఫీసు పని చూసుకునేది. ఒకటి నుంచి మూడు తరగతుల దాకా ఒక యువ ఉపాధ్యాయిని చెప్పేది, పిల్లలు ఆమెను చిన్న టీచర్ అనేవాళ్లు. నాలుగు, ఐదు నావి.

ఆ సాంచాల మోతలో ఒక్క పిల్ల లేచి చదివితే వెనుక వరసకు వినబడదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. తరగతిలో గట్టి గొంతు ఉన్న పిల్లను లీడర్ చేసేవాడిని. లీడర్ ముందు నిలబడి పుస్తకం చూస్తూ ఒక్కో వాక్యం చదువుతుంది, మిగతావాళ్లు వేలు పెట్టుకుని గట్టిగా తిరిగి అంటారు. ఈ పద్ధతి వాడలోని బళ్లన్నిటిలోనూ ఉండేది, నేను కనిపెట్టిందేమీ కాదు. దాని అసలు లాభం మాత్రం నాకు బాగా తెలుసు. ఆ గంటసేపు నా చేతులు ఖాళీ. ఫోన్‌లో హాజరు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం ఎక్కించాలి. పిల్లలు చేతులు కడుక్కునే ఫొటో, తినే ఫొటో, మొక్కకు నీళ్లు పోసే ఫొటో పంపాలి. మొక్క బతికిందా అని ఎవరూ అడగలేదు, ఫొటో ఎందుకు రాలేదని మాత్రం అడిగారు. ఇన్ని చేస్తూ చదువెలా చెప్పాలని నేను అందరి దగ్గరా విసుక్కునేవాడిని. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. కానీ ఇప్పుడు చూసుకుంటే, ఆ ఫోన్ చాటున నేను హాయిగానే ఉన్నాను.

ఆ ఏడాది నా లీడర్ నాలుగో తరగతి పిల్ల. వాళ్ల నాన్న పక్క షెడ్డులో సాంచా నడుపుతాడు. అమ్మ ఇంట్లో కండెలు చుడుతుంది, అంటే మగ్గానికి కావాల్సిన నూలును చిన్న గొట్టాలకు చుట్టే పని. పిల్ల గొంతు సాంచాలను కూడా దాటి వినబడేది. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతుంది, ప్రశ్న దగ్గర గొంతు లేపుతుంది. రాత ముత్యాల్లా ఉంటుంది. ఎవరైనా వస్తే నేను ముందు ఆమెనే లేపేవాడిని. తల్లిదండ్రుల సమావేశంలో అందరి ముందూ వాళ్లమ్మతో, "నీ బిడ్డకు గురుకులం సీటు ఖాయమమ్మా" అన్నాను. ఐదో తరగతిలో గురుకులంలో చేరాలంటే నాలుగులో ఉండగానే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గురుకులం తప్ప మరో మాట లేదని తర్వాత తెలిసింది.

ఏడాది మొదట్లోనే చిన్న టీచర్ నన్ను వరండాలో ఆపింది.

"సార్, ఆ పిల్లను జర ఒక్కదాన్నే కూసోబెట్టుకోని చదివించి చూడున్రి. మూడో తరగతిల చివరికి వచ్చినంక నాకు డౌటు కొట్టింది."

"ఎవరి మీద డౌటు మేడం? నా క్లాసుల ఆమెనే టీచర్, నేను అటెండర్ను," అన్నాను.

ఆమె నవ్వలేదు. నేనే నవ్వుకుంటూ వెళ్లిపోయాను.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఆగిపోయాయి. పిల్ల ముందు నిలబడి అంగడి గురించిన పాఠం చదువుతోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, చేయడానికి నాకేమీ లేదు. అందుకే, కేవలం అందుకే, కాసేపు విన్నాను. పాఠం అయ్యాక ప్రశ్నలు అడుగుదామని ఆమె పుస్తకం తీసుకున్నాను. అది పై తరగతి పిల్లల దగ్గర నుంచి తీసి ఇచ్చిన పాత పుస్తకం. పాఠం మధ్యలో ఒక ఆకు లేదు. ఎవడో చింపి పడవ చేసుకుని ఉంటాడు. నేను ముందుకూ వెనక్కూ తిప్పి చూశాను. ఆకు లేదు. పిల్ల మాత్రం ఆ రెండు పేజీల్లోని ప్రతి వాక్యాన్నీ ఇప్పుడే నా ముందు, ఒక్క మాట పోకుండా చదివింది.

పాఠంలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది?" అన్నాను.

ఆమె పెదవులు కదిలాయి. పేరా మొదటికి వెళ్లి, మనసులో చెప్పుకుంటూ, ఒక్కో మాటకు వేలు జరుపుకుంటూ వచ్చి అక్కడ ఆగి, "కూరగాయలు" అంది. సరిగ్గానే చెప్పింది. నేను లేచి అదే మాటను నల్లబల్ల మీద విడిగా రాశాను.

పిల్ల బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది.

"సార్, ఇది ఏ పాఠంల ఉన్నది?"

ఈ ప్రశ్న తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వు వస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది. అప్పుడు మాత్రం కోపం వచ్చింది. నేను పాఠం మొదటి రోజు ఒకటికి రెండుసార్లు చదివి వినిపిస్తాను. సాయంత్రం పక్కింటి అక్క ఇంకోసారి చదివి పెడుతుంది. పిల్లకు అంతే చాలు. చెవితో పట్టి, పుస్తకం చేత్తో పట్టుకుని, సరైన చోట పేజీ తిప్పుతూ అప్పజెప్పేది. ఇంతటి జ్ఞాపకశక్తి ఉన్న పిల్లను చూసి ఆశ్చర్యపోవాల్సిన వాడిని, తరగతి అంతా వింటుండగా అరిచాను.

"ఇన్నొద్దులు నన్ను మోసం చేసినవా?"

"నేనేం చేసిన సార్? మీరు చెప్పుమన్నరు, చెప్పిన."

జవాబు లేని పెద్దమనిషి ఏం చేస్తాడో నేనూ అదే చేశాను, ఇంకా గట్టిగా అరిచాను.

మరుసటి రోజు దిద్దుబాటు మొదలుపెట్టాను. పునాది లేదు కనుక పునాది నుంచి కట్టాలి అనుకుని, పిల్లను తీసుకెళ్లి ఒకటో తరగతి వరసలో కూర్చోబెట్టాను. అక్షరాల చార్టు చేతికిచ్చాను. నాలుగో తరగతికి లీడర్‌గా నిలబడిన పిల్ల, తన మోకాలెత్తు పిల్లల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుంది. వాళ్ల పక్కింటి బుడ్డోడు ఒకడు ఉత్సాహంగా చార్టు లాక్కుని, "అక్కా, ఇది అ. అ అను. నీకు రాదా?" అని నేర్పడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి నా తరగతి పిల్లలు చూసి నవ్వారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె ప్లేటు కడిగి బోర్లించి ఉంది. పిల్ల లేదు. ఆ తర్వాత బడికి రాలేదు.

హెడ్ మేడంకు విషయం చెబితే ఆమె బాధ వేరే.

"తనిఖీ నెత్తి మీదున్నది, ఇదేం పని సార్? ఉన్న ఒక్క పిల్లను పాడుజేస్తిరి."

"మేడం, ఆమెకు చదవడం రాదు."

"రాదని మనకు తెలుసు. వచ్చెటోళ్లకు తెల్వది గద!"

నేను కోపంగా బయటికొచ్చాను. కోపం ఆమె మీద కాదు. ఆ మాట నాకు కూడా తోచి ఉండటం వల్ల వచ్చిన కోపం అది.

చిన్న టీచర్ దగ్గరికి వెళ్లాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. "నేనప్పుడే చెప్పిన సార్. ఇప్పుడు చెప్తె వింటరా?" అంది. వింటానన్నాను. "ముందుగాల ఇంటికి పోదాం పాండ్రి. పిల్లను తీస్కొచ్చుడు కాదు, జర మాట్లాడుదాం."

బడి వదిలాక ఇద్దరం వెళ్లాం. గది సగం నూలు బస్తాలు, మిగతా సగంలో చిన్న మోటారు పెట్టుకుని తల్లి కండెలు చుడుతోంది. పిల్ల మూలన కూర్చుని పాఠం చూసి నోటుపుస్తకంలోకి ఎక్కిస్తోంది. పదిసార్లు రాయమని తల్లి శిక్ష వేసిందట. రాత ముత్యాల్లా ఎందుకుందో నాకు అప్పుడర్థమైంది. పిల్ల అక్షరాలను బొమ్మల్లా గీసేది. ఎన్నిసార్లు గీసినా వాటికి నోరు రాలేదు. చేతి మీద ఎర్రటి చార కూడా కనబడింది. నేను చూశానని తల్లి చూసింది.

"అవ్, కొట్టిన. ఏం జేయాలె సారూ? మొన్నటిదాక సదువుల సరస్వతి అన్నరు మీరే. ఇయ్యాల ఒక్క అచ్చరం రాదంటాన్రు మీరే. నేనేది నమ్మాలె?"

తండ్రి డ్యూటీ నుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు. "నేనప్పుడే అన్న, ప్రైవేటుల ఏద్దామని. ఈమెనే సర్కారు బడి సర్కారు బడి అన్నది," అన్నాడు.

"నువ్వు జర ఆగయ్యా. పొద్దుగాల పిల్లది ఏం సదువుతాందో ఒక్కనాడన్న అడిగినవా?"

"నాకేం సమజైతది అడిగితె?"

"మరి ఇప్పుడెందుకు మాట్లాడుతానవ్?"

తండ్రి బస్తా మీద కూర్చున్నాడు. ఆమె మళ్లీ నా వైపు తిరిగింది. గొంతు తగ్గింది.

"గురుకులం సంగతేంది సార్? నేను మా అక్కలకు, మా అవ్వగారింట్ల, అందరికి చెప్పుకున్న."

ఈ ఏడాది రాదని చెప్పాను. పరీక్ష రాయించవచ్చు, కానీ సీటు వస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నాను. అదే జరిగింది కూడా. పరీక్ష రాసింది, సీటు రాలేదు, ఐదో తరగతి మా దగ్గరే చదివింది. తల్లి మోటారు ఆపేసింది.

"సరే. గని దండం పెడ్త సార్, ఇగ మల్ల అబద్ధం చెప్పకున్రి. వస్తె వస్తదనున్రి, రాకుంటె రాదనున్రి."

చెప్పనన్నాను. పిల్లకు కూడా ఒక మాట ఇచ్చాను. తనంతట తాను చదువుతానని చెప్పేదాకా ఎవరి ముందూ లేపి చదివించనని. ఆమె ఎక్కిస్తున్న పుస్తకం మీంచి తల ఎత్తకుండా, "చిన్నపిల్లల్ల గూడ కూసోను," అంది. కూర్చోబెట్టనన్నాను.

ఇంతలో చిన్న టీచర్ పిల్ల పక్కన చేరి ఏదో మాట్లాడిస్తోంది. బస్తాల వెనుక పిల్లి ఈనిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు పిల్లకు ఊపిరి తిరగలేదు. ఏ పిల్లికూన ఏ రంగు, తల్లి పిల్లి ఏది ముందు నోట కరుచుకుని పోయింది, నాన్న బస్తా తీయబోతే ఎలా గుర్రుమంది. చిన్న టీచర్ ఆమె అన్నది అన్నట్టే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. "మా పిల్లి నూలు బస్తల ఎన్క ఈనింది." పిల్ల వేలు పెట్టి చదివింది. నేను పెదవి విరిచాను, ఇది మళ్లీ జ్ఞాపకమే కదా అని. చిన్న టీచర్ అక్కడున్న కత్తెర తీసుకుని కాగితాన్ని మాట మాటగా కత్తిరించి, కలిపేసి, నేల మీద పోసింది.

"ఇప్పుడు మన పిల్లిని మల్ల బస్తల ఎన్కకు పంపు బిడ్డా."

పిల్ల ముక్కలు చూసింది. ఈసారి మొదటి నుంచి చెప్పుకుంటూ రావడానికి మొదలు లేదు. 'పిల్లి'ని పట్టింది. 'మా' పట్టింది. 'నూలు' దగ్గర చాలాసేపు ఆగింది. నేను చెప్పబోతే చిన్న టీచర్ నా మోచేయి మీద కొట్టింది. నిజంగా కొట్టింది, ఇంతటి పెద్దవాడిని.

తల్లికి ఆమె చెప్పిన పని చిన్నది. కొట్టొద్దు, పదిసార్లు రాయించొద్దు. రోజూ కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని, పిల్ల తెచ్చిన కాగితం చదువుతుంటే వినాలి.

"నాకు సదువు రాదు గద టీచర్. తప్పు చదివితె నాకెట్ల తెలుస్తది?"

"తప్పు మీరు చూడొద్దు, అది మా పని. మీకు మంచిగ సమజైతాందా లేదా చూడున్రి. సమజ్ కాకుంటె, ఏమైంది మల్ల చెప్పు అనున్రి. ఆమెనే తప్పు ఎతుక్కుంటది."

తల్లి నమ్మినట్టు కనబడలేదు, కానీ సరే అంది.

పిల్ల తిరిగి బడికి వచ్చింది, నాలుగో తరగతిలోనే కూర్చుంది. లీడర్ పద్ధతి మానేశాను. మానేసిన వారమే తెలిసింది, చదవడం రానిది ఈమె ఒక్కదానికే కాదని. ఆ కేకల్లో దాక్కున్న వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. రోజూ కొందరిని ఒక్కొక్కరినీ నా పక్కన కూర్చోబెట్టుకునేవాడిని, మిగతావాళ్లు గోల చేసేవాళ్లు, ఫోన్ మోగుతూ ఉండేది. ఇదంతా ఏదో గొప్ప మార్పులా జరిగిందని అనుకోకండి. నేను వారానికి నాలుగు రోజులు విసుక్కున్నాను, ఐదో రోజు అరిచాను. పిల్ల కూడా విసుక్కునేది. ముక్కలు తోసేసి, "గిదంత ఎందుకు సార్, ఒక్కసారి సదివి వినిపియ్యున్రి, మొత్తం చెప్త," అనేది. ఏళ్లుగా దగ్గరి దారి నడిచిన వాళ్లకు చుట్టుదారి చూపించడం సులువు కాదు. పైగా ఆ దగ్గరి దారి వేసి ఇచ్చింది నేనే.

ఒకసారి నేనే చెడగొట్టాను కూడా. ఆమె చెప్పిన వాక్యాలు కాగితం మీద రాస్తూ, ఇది పుస్తకంలో ఉండే భాష కాదు కదా అని నా పంతులు బుద్ధితో అన్నీ సరిచేసి రాశాను. మరుసటి రోజు పిల్ల ఆ కాగితం చూసి బిగుసుకుపోయింది. "ఇవి నా మాటలు గావు," అంది. చిన్న టీచర్ ఆ కాగితం చదివి నా బల్ల మీద పడేసి, "సార్, ఆమె తన మాటనే చదవలేనప్పుడు మీ మాట ఎట్ల చదువుతది? నడక వచ్చినంక సడక్ మీదికి తీస్కపోదురు గని," అంది. నాకంటే ఇరవై ఏళ్లకు పైగా చిన్న మనిషి. ముఖం చిట్లించుకున్నాను, కానీ కాగితం మళ్లీ రాశాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక తల్లి బడి గేటు దగ్గర కనబడింది. కండెలు ఇచ్చి వస్తోంది. "పిల్లి ముచ్చట అయిపోయింది సార్. ఇప్పుడు దుకాణం బోర్డులు సదువుతాంది. నడువనిస్తలేదు బజార్ల. ప్రతి బోర్డు కాడ ఆగుతాంది," అంది. ఫిర్యాదులాగే చెప్పింది. ముఖం మాత్రం ఫిర్యాదులా లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే తనిఖీ వచ్చింది. ఒక అధికారి, వెంట ఇద్దరు. వాళ్లు పాలకుర్తి వైపు బళ్లు చూసుకుని, ఎండన పడి వచ్చారు. హెడ్ మేడంకు నేను ముందే చెప్పాను, ఆ పిల్లను లేపొద్దని. ఆమె సరే అంది. కానీ అధికారి గదిలోకి రాగానే, "మీ క్లాసుల బెస్ట్ రీడర్ ఎవరు?" అనడిగితే, భయంలో ఆమె నోట పాత అలవాటు ప్రకారం ఆ పిల్ల పేరే వచ్చింది. నేను కలగజేసుకుని, ఇంకో పిల్లవాడిని చూపించి ఉండవచ్చు. నేను ఇచ్చిన మాట అదే. చేయలేదు. పిల్ల నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఆమె లేచింది. అధికారి పుస్తకం తెరిచి చేతికిచ్చాడు. "ఇది చదువమ్మా." వాన గురించిన పాఠం అది. జూలైలో ఆమే ముందు నిలబడి తరగతి చేత ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. మొదటి మాట అందితే చివరి దాకా ఆగకుండా వస్తుంది.

పిల్ల మొదటి మాట కింద వేలు పెట్టింది. నోరు తెరవలేదు. సాంచాలు మోగుతున్నాయి. అధికారి గడియారం చూసుకున్నాడు. హెడ్ మేడం కొంగు మెలిపెడుతోంది. పిల్ల వేలు మొదటి మాట దగ్గరే ఉంది.

నేను మెల్లగా అందించాను. "ఆ రోజు పొద్దుటి నుంచి..."

ఏదో నోరు జారి అన్నానని మీకు చెప్పుకోవచ్చు. కాదు. ఆ మాట అందితే పాత టేపు తిరుగుతుందని, పాఠం గడగడా వచ్చేస్తుందని, వాళ్లు తలూపి వెళ్లిపోతారని నాకు పూర్తిగా తెలిసే అందించాను. వాళ్ల ఇంట్లో నిలబడి ఆ తల్లికి నేనిచ్చిన మాట నాకు ఆ క్షణాన గుర్తు కూడా ఉంది.

పిల్ల పెదవులు కదిలాయి. వచ్చేస్తోందనుకున్నాను. ఆమె నోరు గట్టిగా మూసుకుంది. నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు, జాలి లేదు. లెక్కపెడుతున్నప్పుడు ఎవరో మధ్యలో మాట్లాడితే చూస్తామే, ఆ చూపు. మళ్లీ వేలు మొదటి మాట కిందికి తెచ్చుకుంది.

"ఆ... రో... జు. ఆ రోజు. పొ... ద్దు... టి..."

గొంతు లోపలికి పోయింది. సాంచాలను దాటి వినబడే గొంతు కాదది. వెనుక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక వాక్యం అయింది. రెండో వాక్యం సగంలో ఉండగా అధికారి పుస్తకం వెనక్కు తీసుకున్నాడు.

"చాలు చాలు. ఏంది సార్, నాలుగో తరగతిల ఇంక కూడబలుక్కుంటాన్రు. ఈమెనా మీ బెస్ట్ రీడర్?"

ఔనని చెప్పాల్సింది. ఆ గదిలో ఒక పిల్ల అందరి ముందూ లేచి నిజంగా చదవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి అని చెప్పాల్సింది. నేనన్నది ఇది: "ఇయ్యాల జర భయపడ్డది సార్. మామూలుగ మంచిగ చదువుతది."

గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్న టీచర్ తల తిప్పుకుని వెళ్లిపోయింది.

వాళ్లు పక్క గదికి పోయారు. నేను కుర్చీలో కూలబడి, రాబోయే మెమో గురించి ఆలోచిస్తున్నాను. ఎదురుగా పిల్ల వచ్చి నిలబడింది. అధికారి బల్ల మీద వదిలేసిన పుస్తకం తీసుకుని అదే పేజీ తెరిచింది.

"సార్, రెండో లైను అయిపోలె."

"నీకు ఆ పాఠం మొత్తం నోటికి వచ్చు గద బిడ్డా?"

"వస్తది."

"మరి గడగడ చెప్పేస్తె అయిపోవు గద. ఎందుకట్ల ఆగినవ్?"

ఇంత సులువైన సంగతి సారుకెందుకు తెలియడం లేదన్నట్టు మొహం పెట్టింది.

"చెప్పుమనలే సార్ ఆయన. సదువుమన్నడు."

ఆమె పేజీ మీద వేలు పెట్టి చోటు వెతుక్కుంటూ, "మీరు నడిమిట్ల అందియ్యకున్రి. యాడున్ననో మర్చిపోత," అని విసుక్కుంది.

అన్నం గంట కొట్టారు. పిల్లలంతా ప్లేట్లు పట్టుకుని పరుగెత్తారు. ఆమె కదల్లేదు. ఒక మాట దగ్గర ఆగింది, వెనక్కు వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పళ్లు బిగించి కూర్చున్నాను. ఆమే దాన్ని విడదీసుకుని, కూడగట్టుకుని, దాటింది. రెండో లైను అయ్యాక తల ఎత్తలేదు. మూడో లైను కిందికి వేలు జరుపుకుంది.